స్నేహితుడు బతకాలని లేదంటున్నాడు, ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. ఏం చేయాలి?

తెల్లకాగితం అడిగిన ప్రశ్న:

కాస్త పెద్ద పోస్టు. ఓపిగ్గా చదవండి, కానీ జవాబు మాత్రం తొందరగా చెప్పండి.

నాకు 21 ఏళ్లు, లెస్బియన్‌ని. మాలాంటి వాళ్లం కొందరం కలిసి ఒక చిన్న చాట్ గ్రూపు పెట్టుకున్నాం. ఎక్కువమంది చదువుకునే పిల్లలే, ఇంట్లో సంగతి తెలియనివాళ్లే. పరీక్షల టెన్షన్, ఇష్టపడిన మనిషి గురించి, ఇంట్లో పడ్డ మాటల గురించి, ఇంకెక్కడా నోరు విప్పలేనివన్నీ అక్కడే చెప్పుకుంటాం. అందులో ఒకబ్బాయి ఉన్నాడు, ట్రాన్స్, ఈమధ్యే 18 నిండాయి. ఇంట్లో వాడిని ఇంకా పాత పేరుతో, అమ్మాయిగానే పిలుస్తారు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నందుకు పెద్ద రభస జరిగింది, ఫోన్ లాక్కున్నారు, కొన్నాళ్లకు తిరిగిచ్చారు. అప్పట్నుంచీ వాడు మునుపటిలా లేడు. గ్రూపులో అందరికంటే ఎక్కువ మాట్లాడేవాడు, ఇప్పుడు ఎవరేం రాసినా ఒక ఎమోజీ పెట్టి ఊరుకుంటున్నాడు.

రాత్రి పొద్దుపోయాక మాత్రం నాకు విడిగా మెసేజ్‌లు పెడతాడు. మొదట్లో 'నిద్ర పట్టట్లేదక్కా' అని. తర్వాత 'నేను లేకపోతే మా ఇంట్లో అందరికీ మనశ్శాంతి' అని. మొన్న రాత్రి ఏదో టైప్ చేస్తున్నట్టు చాలాసేపు కనిపించింది, ఆగిపోయింది, మళ్లీ మొదలైంది, అంతా అయ్యాక వచ్చింది ఒక్క ముక్క: 'ఇంక చాలక్కా.' నిన్న చూస్తే, గ్రూపులో ఇంకొకరికి తన డ్రాయింగ్ ట్యాబ్ ఇచ్చేస్తానంటున్నాడు. దాన్ని వాడు ప్రాణంలా చూసుకుంటాడు, ఎవరినీ ముట్టుకోనివ్వడు. అది చదవగానే నా గుండె జారిపోయింది.

ఏమైందిరా అని అడిగితే, ఎవరికీ చెప్పనని ఒట్టేస్తేనే మాట్లాడతానన్నాడు. వేశాను, లేకపోతే ఆ మాత్రం కూడా మాట్లాడడేమోనని. ఇప్పుడు నాకు తెలియాల్సింది ఇది. చచ్చిపోవాలని ఉందా అని సూటిగా అడగొచ్చా, అడిగితే లేని ఆలోచన నేనే పుట్టించినట్టు అవుతుందా? వాళ్లింట్లో చెబితే వాడి సంగతి మొత్తం బయటపడిపోతుంది, దాంతో పరిస్థితి ఇంకా విషమిస్తే? చెప్పకుండా ఉండి వాడికేమైనా అయితే? నేను డాక్టర్‌ని కాను, కౌన్సెలర్‌ని కాను. నాకు తెలిసిందల్లా వాడు నాకు తమ్ముడి లాంటివాడని.

గువ్వ ఇచ్చిన జవాబు:

మీరు కంగారు పడటంలో అతి ఏమీ లేదు. ఇష్టమైన వస్తువు ఇచ్చేయడం, నేను లేకపోతే వాళ్లకి నయం అనడం, అంతసేపు టైప్ చేసి 'ఇంక చాలు' అనడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నేనైతే అడిగేస్తాను. మీకు మూడూ కనిపించాయి. అందుకని ఈ పేజీ మొత్తం చదివాక అడుగుదాంలే అనుకోకండి, ఇప్పుడే అడిగి రండి.

నేను కొన్నేళ్లుగా ఎల్‌జీబీటీక్యూ, అంటే లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్ లాంటి పిల్లల కోసం నడిచే ఒక చాట్ సేవలో వాలంటీరుని. మాకు మొదటి రోజు నేర్పించేది ఇదే: మాట తిప్పకుండా అడగాలి. 'పిచ్చి ఆలోచనలేమీ లేవుగా?' అని అడగొద్దు. అలా అడిగితే లేవనే అంటారు, మీకు ఏ జవాబు కావాలో ఆ ప్రశ్నలోనే ఉంది కాబట్టి. 'నువ్వు చచ్చిపోవాలని ఆలోచిస్తున్నావా?' అని అడగండి. ఆ మాట ఉన్నదున్నట్టు వాడండి. మీరు ఆ మాట అనగలిగారంటే దాని గురించి మీతో మాట్లాడొచ్చని వాడికి అర్థమవుతుంది. చాలామంది పిల్లలు 'హమ్మయ్య, ఎవరో ఒకరు అడిగారు' అంటారు, నాతోనే అన్నారు.

లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం అందరికీ ఉంటుంది. దీన్ని పరీక్షించి చూశారు కూడా. 2005లో మడెలిన్ గౌల్డ్ బృందం అమెరికాలో రెండు వేలకు పైగా హైస్కూలు విద్యార్థుల మీద అధ్యయనం చేసింది. కొందరిని ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు, కొందరిని అడగలేదు. అడిగినవాళ్లలో ఆలోచనలూ పెరగలేదు, దిగులూ పెరగలేదు. అప్పటికే దిగులులో ఉన్న పిల్లలకైతే అడిగాక కాస్త తేలికపడినట్టే కనిపించింది.

అవునంటే మీ గుండె దడదడలాడుతుంది, అది మామూలే. ఒక్క గుక్క ఊపిరి తీసుకుని, 'చెప్పినందుకు థాంక్స్ రా, నేనిక్కడే ఉన్నా' అనండి. ఆ తర్వాత మెల్లగా ఇంకో మూడు సంగతులు తెలుసుకోవాలి. ఎలా అన్నది అనుకున్నాడా, ఎప్పుడని అనుకున్నాడా, దానికి కావాల్సింది చేతికందే దూరంలో ఉందా. వివరాలు తవ్వక్కర్లేదు, అవును కాదు తెలిస్తే చాలు. మూడింటికీ అవునంటే మాత్రం ఆ రాత్రి వాడిని ఒంటరిగా వదలకూడదు, వాడున్న గదికి ఒక మనిషి వెళ్లగలగాలి. అలాంటప్పుడు అత్యవసర సేవలకు ఫోన్ చేయడానికి వెనకాడొద్దు. ఆ వేళ దాటేదాకా మీరు ఫోన్‌లో ఉండండి, మాట్లాడకపోయినా సరే, లైన్ తెరిచి ఉంచండి.

ఇంకొక్కటి. 'అమ్మానాన్నల గురించి ఆలోచించావా', 'నీకంటే కష్టాల్లో ఉన్నవాళ్లు లేరా', ఇలాంటివి పొరపాటున కూడా వద్దు. వాడి తలలో ఇప్పటికే నేను అందరికీ భారం అన్న మాట తిరుగుతోంది. మీరు దానికే బలం ఇచ్చినట్టవుతుంది.

మూడోబెంచి ఇచ్చిన జవాబు:

నాకు ఈ చర్చ అర్థం కావట్లేదు. వెంటనే వాళ్ల అమ్మానాన్నలకు ఫోన్ చేసి అన్నీ చెప్పేయండి. వాళ్ల బిడ్డ కాదా? తిడతారు, ఏడుస్తారు, తర్వాత సర్దుకుంటారు. ప్రాణం పోయాక ఏ రహస్యం ఎందుకు? స్నేహితురాలిగా మీ బాధ్యత అది, అంతే.

వేకువ ఇచ్చిన జవాబు:

మూడోబెంచి గారూ, ప్రాణం ముందు అన్న మీ మాట నూటికి నూరుపాళ్లు నిజం. 'అన్నీ చెప్పేయండి' అన్న దగ్గరే నేను ఒప్పుకోలేను. నేను కౌన్సెలర్‌ని, ఎక్కువగా ఈ వయసు పిల్లలతోనే నా పని. అన్ని ఇళ్లలోనూ సర్దుకోరు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ యూనివర్సిటీలో కేట్లిన్ రయాన్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, ఇంట్లో తీవ్రమైన తిరస్కారాన్ని ఎదుర్కొన్న లెస్బియన్, గే, బైసెక్సువల్ యువతలో, అలాంటిది అంతగా లేని ఇళ్లలో పెరిగినవాళ్లకంటే ఆత్మహత్యాయత్నం చేసినవాళ్లు 8.4 రెట్లు ఎక్కువ. జుట్టు కత్తిరించుకుంటేనే ఫోన్ లాక్కున్న ఇల్లది. ఆ ఇంట్లో ఈ కబురు బయటివాళ్ల నోటి నుంచి, అదీ అర్ధరాత్రి ఫోన్‌లో పడితే ఏమవుతుందో నేను హామీ ఇవ్వలేను.

అమ్మా తెల్లకాగితం, నీ దగ్గర ఉన్నవి రెండు రహస్యాలు, వాటిని విడదీసి చూడు. అతను ట్రాన్స్ అన్నది ఒకటి. అది పూర్తిగా అతనిది. ఎవరికి, ఎప్పుడు, ఏ మాటల్లో చెప్పాలో అతనే తేల్చుకోవాలి. అతని ప్రాణానికి ముప్పుందన్నది రెండోది. దాన్ని నువ్వొక్కదానివే మోయకూడదు, ఒట్టేసినా సరే. ఈ రెండోది చెప్పడానికి మొదటిది చెప్పాల్సిన పని దాదాపు ఎప్పుడూ పడదు. 'బాగా కుంగిపోయి ఉంది, చచ్చిపోవాలని ఉందని నాతో చెప్పింది, ఈ రాత్రి దగ్గర ఎవరైనా పడుకోండి.' ఇంతే. ఎందుకు అంటే, 'అది తనే చెప్పాలి, ఇప్పుడు గుచ్చి గుచ్చి అడక్కండి' అను. ఆసుపత్రిలోనైనా, హెల్ప్‌లైన్‌లోనైనా మొదలు పెట్టడానికి అంతే సరిపోతుంది.

ఇందులో ఒక చిన్న మెలిక ఉంది, చాలామందికి తట్టదు. నీకు అతన్ని కొత్త పేరుతో, వాడు, వాడి అని పిలిచే అలవాటు. కంగారులో వాళ్లింటికి ఫోన్ చేసి అదే పేరు అనేశావంటే, నువ్వు చెప్పొద్దనుకున్నదంతా ఆ ఒక్క మాటతో చెప్పేసినట్టే. అందుకని ఇవాళే అతన్ని అడుగు: 'ఎప్పుడైనా మీ ఇంట్లో మాట్లాడాల్సి వస్తే నిన్ను ఏ పేరుతో పిలవను? నేనెవరినని చెప్పను?' అడిగి రాసి పెట్టుకో. పాత పేరు నోట రావడం నీకూ కష్టమే, వినడం అతనికి ఇంకా కష్టం, కానీ ఆ నిమిషానికి అది అతన్ని కాపాడటానికే.

ఒట్టు సంగతికొస్తే, అతనికి తెలియకుండా వెనక నుంచి తప్పొద్దు. ముందే మొహం మీద చెప్పు. 'ఎవరికీ చెప్పొద్దన్నావు. నువ్వు బతికుండటం నాకు ఆ ఒట్టు కంటే ముఖ్యం, అందుకని ఒకరికి చెప్పబోతున్నాను. ఆ ఒకరు ఎవరో నువ్వే చెప్పు.' కోపం వస్తుంది, బ్లాక్ చేసినా చేస్తాడు. అయినా ఎవరికి చెప్పాలన్నది అతని చేతిలోనే పెట్టావు చూడు, ఆ తేడా తర్వాత తెలుస్తుంది. పిన్ని కావచ్చు, పెద్దక్క కావచ్చు, ఒక టీచర్ కావచ్చు. అమెరికాలో 1998 నుంచి ఎల్‌జీబీటీక్యూ పిల్లల ఆత్మహత్యల నివారణ కోసం పనిచేస్తున్న ట్రెవర్ ప్రాజెక్ట్ వాళ్లు 2019లో తమ సర్వే ఫలితాలు చెప్పారు. తనను తనలా ఒప్పుకునే పెద్దమనిషి ఒక్కరైనా ఉన్నారన్న పిల్లల్లో, గడిచిన ఏడాదిలో ఆత్మహత్యాయత్నం చేశామన్నవాళ్లు 40 శాతం తక్కువ. అమ్మానాన్నలే అయి ఉండాలని లేదు.

ఒక తల్లి ఇచ్చిన జవాబు:

నా కొడుకు గే. అందుకే ఈ పోస్టు దగ్గర ఆగిపోయాను.

మా వాడికి పందొమ్మిదేళ్లప్పుడు వాడి స్నేహితుడొకడు నాకు ఫోన్ చేశాడు. 'ఆంటీ, వాడిని ఇవాళ ఒంటరిగా ఉంచకండి' అన్నాడు. ఏమైందని ఎంత అడిగినా, 'వాడే చెబుతాడు ఆంటీ, మీరు మాత్రం పక్కనుండండి' అన్నాడు తప్ప ఇంకో ముక్క చెప్పలేదు. ఆ రాత్రి నేను వాడి గదిలో కింద చాప వేసుకుని పడుకున్నాను. ఏమీ అడగలేదు. వాడు నోరు తెరిచింది చాలా నెలలకు. ఆ స్నేహితుడు ఆరోజే అన్నీ చెప్పేసి ఉంటే నేనెలా ఉండేదాన్నో నాకు తెలుసు, మంచిగా ఉండేదాన్ని కాదు. నాకూ టైమ్ కావాల్సి వచ్చింది, చదవాల్సి వచ్చింది, నాలాంటి తల్లులతో మాట్లాడాల్సి వచ్చింది. కానీ 'నీ బిడ్డ ప్రాణానికి ప్రమాదం' అన్నది మాత్రం ఏ తల్లికైనా వెంటనే తెలియాల్సిందే, దాని కారణం ఆగినా ఫర్వాలేదు. వేకువ గారు చెప్పినట్టే చెయ్యి తల్లీ.

తెల్లకాగితం మళ్లీ రాసింది:

అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. గువ్వ గారి జవాబు మొదటి పేరా చదవగానే వెళ్లి అడిగాను. అదే మాట, ఉన్నదున్నట్టు. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత 'అవునక్కా' అని వచ్చింది. ఎలాగన్నది అనుకున్నాడట, ఎప్పుడన్నది ఇంకా అనుకోలేదట. కావాల్సింది ఇంట్లోనే ఉందన్నాడు. నాకు చేతులు వణికాయి, టైప్ చేస్తే అన్నీ తప్పులే, అందుకని వాయిస్ పెట్టాను. అప్పుడు వాడే కాల్ చేశాడు. తెల్లవారేదాకా మాట్లాడుకున్నాం, సగం సేపు ఇద్దరం ఊరికే ఉన్నాం.

ఒకరికి చెప్పాలి, ఎవరికో నువ్వే చెప్పు అంటే ముందు ఫోన్ పెట్టేశాడు. కాసేపటికి మళ్లీ చేసి, వాళ్ల పెదనాన్న కూతురి పేరు చెప్పాడు. ఆమెకు వాడి సంగతి కొంచెం తెలుసట. ఇవాళ పొద్దున్న వాడు పక్కనుండగానే ఆమెతో మాట్లాడాను. వాడిని కొన్ని రోజులు తన దగ్గర ఉంచుకుంటానని, పరీక్షలకు చదివిస్తానని వాళ్లింట్లో చెప్పి తీసుకెళ్లింది. దేని గురించైతే భయపడ్డామో అది ఇప్పుడు వాడికి అందే దూరంలో లేదు.

ఇంకా కొన్ని అనుమానాలు మిగిలాయి. డాక్టర్ దగ్గరికి వెళ్దామంటే 'నన్ను మార్చేస్తామంటారు' అని భయపడుతున్నాడు. వాడికి ఇప్పుడు నేనేం చెప్పాలి, అంతా సర్దుకుంటుందని చెప్పొచ్చా? ఇంకొకటి, ఇది అడగడానికి మొహమాటంగా ఉంది, ఫోన్ మోగితే నాకు వణుకు వస్తోంది. నిద్రపోవాలంటే భయంగా ఉంది, నేను పడుకున్నప్పుడు వాడు మెసేజ్ పెడితే?

ఏటిగట్టు ఇచ్చిన జవాబు:

వాడు ఉన్న చోట నేనూ ఉండి వచ్చాను, గే మనిషిని, ఇప్పుడు ముప్పై దాటాయి. డాక్టర్ సంగతి తెలిసినవాళ్లు చెబుతారు, నేను లోపలివైపు నుంచి చెప్పగలిగింది చెబుతాను.

'అంతా సర్దుకుంటుంది' అన్న మాట ఆ టైములో నాకు చెవికెక్కలేదు. ఎప్పుడు, ఎలా, ఎవరు సర్దుతారు అని కోపం వచ్చేది. పనికొచ్చినవి చాలా చిన్నవి. ఒక స్నేహితుడు రోజూ ఒకే టైముకి ఫోన్ చేసేవాడు, నా బాధ గురించి అడిగేవాడు కాదు, క్రికెట్ గురించి, వాళ్ల ఆఫీసు గురించి ఏదో ఒకటి చెబుతూ ఉండేవాడు. రేపు కూడా ఆ టైముకి చేస్తాడని తెలుసు. అంత దూరం మాత్రం చూడగలిగేవాణ్ణి, ఏడాది తర్వాత నా జీవితం ఎలా ఉంటుందన్నది కనిపించేది కాదు. మీరు వాడికి ఏడాది తర్వాత సంగతి చెప్పొద్దు, రేపటి సంగతి చెప్పండి. ఎల్లుండి కలిసి ఏదో చూద్దామనండి. ఆ డ్రాయింగ్ ట్యాబ్ వెనక్కి తీసుకుని, నాకొక బొమ్మ వేసిపెట్టు, ఫలానా రోజుకి కావాలి అని అడగండి. నాకోసం ఒకరు ఎదురు చూస్తున్నారు అన్నది మామూలు విషయం కాదు.

వాడి పేరు. ఇది నేను గట్టిగా చెబుతాను. 2018లో స్టీఫెన్ రస్సెల్ బృందం ట్రాన్స్ యువత మీద చేసిన అధ్యయనంలో ఇల్లు, బడి, పని, స్నేహితులు అని నాలుగు చోట్లు తీసుకుని చూశారు. తాము ఎంచుకున్న పేరుతో పిలిచే చోటు ఒక్కటి పెరిగినా ఆత్మహత్య ఆలోచనలు 29 శాతం, ఆత్మహత్యకు సంబంధించిన చేతలు 56 శాతం తక్కువగా కనిపించాయి. ఇంట్లో పిలవరు, సరే, అది ఇప్పుడు మీ చేతిలో లేదు. ఆ అక్క ఇంట్లో, తలుపులు వేసుకున్నాకైనా, పిలవొచ్చుగా? మీ గ్రూపులో ప్రతి ఒక్కరూ 'ఏరా ఫలానా' అని పేరు పెట్టి పలకరించొచ్చుగా? దీనికి డబ్బులు అక్కర్లేదు, డాక్టర్ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఎవరూ వినకుండా ఫోన్‌లో ఆ పేరు వినిపించినా, ఆ రోజుకి మనిషి నిలబడతాడు.

వాడు ఏదో లోపంతో పుట్టాడు కాబట్టి చచ్చిపోవాలనిపిస్తోందని వాడే అనుకుంటూ ఉంటాడు, నేనూ అనుకున్నాను. చుట్టూ ఉన్నవాళ్ల ఏవగింపు, ఎప్పుడు బయటపడిపోతానో అన్న భయం, రోజంతా దాక్కుని బతకడం, ఈ ఒత్తిడే మనిషిని తినేస్తుందని ఇలాన్ మేయర్ అనే పరిశోధకుడు 2003లోనే వివరంగా రాశారు. నాకది తెలిసిన రోజు చాలా ఏడ్చాను, తప్పు నాది కాదని ఒకరు కాగితం మీద రాసి ఇచ్చినట్టు అనిపించి.

వేకువ మళ్లీ రాశారు:

చాలా బాగా చేశావమ్మా. అందే దూరంలో లేకుండా చేయడం అన్నింటికంటే ముఖ్యమైన పని, అది ముందే అయిపోయింది. మరీ తీవ్రంగా అనిపించే ఘడియలు చాలామందిలో కాసేపట్లోనే తగ్గుముఖం పడతాయి, ఆ కాసేపు చేతికేమీ అందకుండా, పక్కన ఒక మనిషి ఉండేలా చూసుకోవాలి.

డాక్టర్ భయం నిజమైనదే, కొట్టిపారేయకు. 'మార్చేస్తాం' అనేవాళ్లు ఇంకా ఉన్నారు. అలాంటివాళ్ల గడప తొక్కనక్కర్లేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ స్వలింగ ఆకర్షణను జబ్బుల పట్టీ నుంచి 1973లో తీసేసింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. ట్రాన్స్‌గా ఉండటాన్ని కూడా 2019లో ఆమోదించిన తన కొత్త వర్గీకరణలో మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి తప్పించింది. కాబట్టి దాన్ని జబ్బంటున్న డాక్టర్ చదువు అక్కడే ఆగిపోయిందని అర్థం. వెళ్లే ముందు ఆ అక్కని ఫోన్ చేసి అడగమను. ట్రాన్స్ పిల్లలకు చూస్తారా, మార్చడం గురించి మీ అభిప్రాయమేంటి, మేం చెప్పినదాంట్లో ఇంట్లోవాళ్లకు ఏం చెబుతారు, ఏం చెప్పరు. ఈ మూడో ప్రశ్న తప్పకుండా అడగాలి. ప్రాణాపాయం ఉన్నప్పుడు మాలాంటి కౌన్సెలర్లం, డాక్టర్లు ఇంట్లోవాళ్లకు చెప్పాల్సి వస్తుంది, ఆ హద్దు ఎక్కడో మొదటే తెలిస్తే పిల్లాడు నిశ్చింతగా మాట్లాడతాడు. ఈలోగా నేరుగా ఎవరితోనైనా మాట్లాడాలనుకుంటే, 'ఫైండ్ ఎ హెల్ప్‌లైన్' అని వెతికితే చాలా దేశాల్లో ఉన్నవాళ్లకు వాళ్ల దేశపు నంబర్లు దొరుకుతాయి, ఎల్‌జీబీటీక్యూ వాళ్ల కోసం ఉన్నవి విడిగా చూపిస్తుంది.

వాడు కాస్త కుదురుగా ఉన్న పూట చూసి ఇద్దరూ కూర్చుని ఒక కాగితం రాయండి. బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ అనే ఇద్దరు నిపుణులు దీన్ని తయారు చేశారు, సేఫ్టీ ప్లాన్ అంటాం. ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లకు ఇది రాయించి, తర్వాత ఫోన్ చేసి కనుక్కుంటూ ఉంటే, ఆ తర్వాతి ఆరు నెలల్లో ఆత్మహత్యకు సంబంధించిన చేతలు 45 శాతం దాకా తక్కువగా ఉన్నాయని 2018లో వాళ్లే చూపించారు. చచ్చిపోవాలన్న ఆలోచన పెరగబోతోందని వాడికి ముందుగా ఎలా తెలుస్తుంది అన్న దగ్గర ఆ కాగితం మొదలుపెట్టాలి. 'బాధగా ఉన్నప్పుడు' అని రాస్తే పనికిరాదు. 'ఇంట్లో పాత పేరుతో అరిచినప్పుడు, నేను గదిలోకి వెళ్లి తలుపేసుకుని ఫోన్ ఆపేసినప్పుడు' అని రాస్తే పనికొస్తుంది. అప్పుడు వాడంతట వాడు చేయగలిగేది ఏంటి, బొమ్మ వేయడమా, స్నానమా, పాటా. అది చాలకపోతే ఏమీ చెప్పకుండా ఊరికే వెళ్లి కూర్చోగలిగే మనిషి ఎవరు, చోటు ఏది. అదీ చాలకపోతే నోరు విప్పి సాయం అడగగలిగేది ఎవరిని, తర్వాత డాక్టర్, హెల్ప్‌లైన్. ఇంట్లో ఏది అందకుండా ఉంచాలన్నది ఆఖర్న. వాడి మాటల్లోనే, వాడి చేతిరాతలోనే ఉండాలి. ఇంట్లో దొరుకుతుందని భయముంటే ఫోటో తీసి ఎవరూ తెరవని ఫోల్డర్‌లో దాచమను.

ఆ కాగితంలో నీ పేరొక్కటే ఉంటే ఒప్పుకోకు. కనీసం ఇంకో ఇద్దరివి ఉండాలి.

గువ్వ మళ్లీ రాశారు:

ఆఖరి మాట దగ్గర్నుంచే నేను అందుకుంటాను. నిద్ర భయం గురించి మొహమాటపడ్డారు చూడండి, మా దగ్గర అందరం ముందు మాట్లాడుకునేది దాని గురించే. మీరూ లెస్బియన్, మీ ఇంట్లోనూ తెలియదు, మిమ్మల్ని అన్న మాటలే వాడినీ అన్నారు. వాడి బాధ వింటుంటే మీదీ కదులుతుంది. మాకు పాళీలు ఉంటాయి, పాళీ అయ్యాక ఫోన్ పక్కవాళ్లకు ఇచ్చేసి వెళ్లిపోతాం. ఒక్క మనిషి ఇరవై నాలుగు గంటలూ మేలుకుని ఎవరినీ కాపాడలేరు. మీ గ్రూపులో వాడు నమ్మేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. వాడినడిగి, వాడు సరేనన్నవాళ్లతో రాత్రులు పంచుకోండి. 'పదకొండు దాటితే నేను పడుకుంటాను, అప్పుడు ఫలానావాళ్లకు చెయ్, వాళ్లు ఎత్తకపోతే హెల్ప్‌లైన్‌కి' అని వాడికి సూటిగా చెప్పండి. పిల్లలు దీనికి బాధపడరు. ఏ గంటకు ఎవరున్నారో తెలియకపోవడమే వాళ్లకు భయం. ఆ రాత్రి మీకు ఎలా గడిచిందో చెప్పుకోవడానికి మీకూ ఒక మనిషి కావాలి, వాడి పేరు చెప్పకుండానే చెప్పుకోవచ్చు.

ఇక ముందు ముందు. గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకుని ఎవరి పనుల్లో వాళ్లు పడతారు, పిల్లాడికి అప్పుడు మళ్లీ ఒంటరితనం మొదలవుతుంది. అక్క ఇంటి నుంచి వాడు సొంతింటికి తిరిగెళ్లే రోజులు ముఖ్యంగా గుర్తుపెట్టుకోండి. జెరోమ్ మోటో అని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక సైకియాట్రిస్ట్ ఉండేవారు. ఆసుపత్రి నుంచి ఇంటికెళ్లి, ఇక చికిత్స వద్దన్న ఎనిమిది వందలకు పైగా మనుషులను తీసుకుని, వాళ్లలో కొందరికి మధ్యమధ్యలో చిన్న ఉత్తరాలు రాయించారు. మీరు గుర్తొచ్చారు, బాగున్నారనుకుంటున్నాం, రాయాలనిపిస్తే రాయండి, అంతే. మందులు వేసుకుంటున్నారా లాంటి ప్రశ్నలేమీ లేవు. 2001లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం మొదటి రెండేళ్లలో ఉత్తరాలు అందుకున్నవాళ్లలో ఆత్మహత్యలు తక్కువ. నాకు మాత్రం మా పని మీద నమ్మకం కుదిరింది ఇది చదివాకే.

కాబట్టి వాడికి మెసేజ్ పెట్టేటప్పుడు ప్రతిసారీ 'ఎలా ఉన్నావ్' అని అడగక్కర్లేదు, ఆ ప్రశ్నకు జవాబివ్వడం కూడా ఒక్కోసారి బరువే. 'ఇవాళ నీ బొమ్మ ఒకటి మళ్లీ చూశా, రిప్లై అక్కర్లేదు' అని పెట్టండి. ఇంకోరోజు ఒక పాట పంపండి. రిప్లై రాకపోయినా అలగకండి, నాలుగు రోజులాగి మళ్లీ పెట్టండి. నెలలు గడిచాక కూడా, గ్రూపులో మళ్లీ మునుపటిలా మాట్లాడుతున్నప్పుడు కూడా, ఎప్పుడైనా అనుమానమొస్తే మళ్లీ అదే ప్రశ్న, అదే మాటల్లో అడగండి. ఈసారి మీ ఇద్దరికీ అది కొత్త కాదు.

ఇవాళ రాత్రి ఎవరి వంతో సాయంత్రంలోపు తేల్చుకుని వాడికి చెప్పేయండి, మీరు పడుకోండి.